నరసాపురం పడవలో చెప్పని మాట

మా అక్క నాతో నరసాపురం వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ ఊరి పేరెత్తితేనే ముఖం తిప్పుకొనే మనిషి ఆవిడ. మా బావ సూరన్న చేపల వేట చేసేవాడు. కొన్నేళ్ల కిందట ఏరు సముద్రంలో కలిసేచోట పోయాడు. ఆయనా, జతగాడు అప్పన్నా రెండు పడవల మధ్య ఒకే వల కట్టి లాగేవాళ్లు. గాలి లేచిన రోజున బావ పడవ తిరగబడింది, అప్పన్న ఒక్కడే ఒడ్డుకు వచ్చాడు. వల తాడు తెగిపోయిందన్నాడు. ఆ తరువాత అక్క రాజమండ్రి వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. నేను బడిలో పాఠాలు చెబుతాను, ఆవిడ బజారులో చేపలు అమ్ముతుంది. నేను క్రీస్తును నమ్ముకున్నవాణ్ణి, ఆవిడ రోజూ తెల్లవారకముందే గోదావరిలో మునిగి వచ్చి పసుపు గడపకు దణ్ణం పెట్టే మనిషి. మా ఇంట్లో ఈ రెండూ కొట్టుకోకుండా ఎలా ఉన్నాయని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే: వంట ఆవిడ చేతుల్లో ఉంది, కాబట్టి నేను నోరెత్తను.

మాఘమాసంలో నరసాపురం నుంచి ఒక బట్టల వర్తకుడు వస్తూ అక్కడి క్రైస్తవ సంఘం నడిపే ఉపదేశిగారి కబురు మోసుకొచ్చాడు. అప్పన్న నమ్ముకున్నాడట, వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటాడట. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. మనిషి నీళ్లలో దిగేముందు తన పాపం తన నోటితో చెప్పుకోవాలి. అప్పుడు ఉపదేశిగారు గట్టు మీద ఉన్నవాళ్లను చూసి, ఈ మనిషి మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. అప్పన్న మీద అభ్యంతరం చెప్పే హక్కు అందరికంటే మా అక్కకే ఎక్కువ కాబట్టి ఆవిడ వస్తే బాగుంటుందని కబురు. ఈ మాట ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు గింజుకున్నాను. చివరికి ఆవిడ పెరట్లో చేపల పొలుసు గీకుతుంటే గోడకు చెప్పినట్టు చెప్పాను. చెయ్యి ఆగలేదు. "ఎప్పుడు బయల్దేరాలి?" అంది, అంతే.

ఈ దారిన వెళ్లదలచినవాళ్లకు ముందుగా ఒక మాట. చైత్రం వచ్చాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, అప్పుడు బండి తప్ప గతి లేదు, ఆ బండి ప్రయాణం పగవాడికి కూడా వద్దు. మాఘ, ఫాల్గుణాలు మంచి కాలం. మేము శుక్రవారం పొద్దున్నే రాజమండ్రి రేవులో నావ ఎక్కి ధవళేశ్వరం దిగి, ఆనకట్టకు ఎగువన ఏరు దాటి విజ్జేశ్వరం చేరుకున్నాం. అక్కడ లాకుల దగ్గర కాలువ పడవలు వరసగా ఉంటాయి. ఎక్కేముందు అది మనుషుల పడవో సరుకుల పడవో కనుక్కోండి. సరుకుల పడవ ఎక్కితే ప్రతి ఊళ్లోనూ బస్తాలు దింపుతూ, ఎత్తుతూ ఎప్పటికి చేరుస్తుందో దాన్ని నడిపే సరంగుకే తెలియదు. మార్టేరు మీదుగా నరసాపురానికి మనిషికి ఆరణాలు అడిగాడు మా సరంగు. అక్క బేరానికి దిగింది. చేపలమ్మే ఆడదానితో బేరం పెట్టుకుంటే ఏమవుతుందో అతనికి తెలిసినట్టు లేదు, అయిదణాలకు దిగివచ్చి, "మీరొక్కరే దొరికారండి నాకు పొద్దున్నే" అని తల పట్టుకున్నాడు. గాలి అనుకూలంగా లేదు కనుక గట్టు మీద ఇద్దరు మనుషులు తాడుతో పడవను లాగుతూ నడిచారు. రెండు పక్కలా రెండో పంట దాళ్వా నాట్ల పచ్చదనం, గట్టు పొడుగునా కొబ్బరిచెట్లు, పొద్దెక్కేదాకా మంచు. హాయిగా ఉండవలసిన ప్రయాణమే.

 మధ్యాహ్నం తెచ్చుకున్న చద్దన్నం తిన్నాక, అక్క చెయ్యి కాలువలో కడుక్కుంటూ అడిగింది.

"ఒరే తమ్ముడూ, నిజంగా నమ్మితే చాలా?"

"చాలక్కా. మనుషులం అందరం పాపులమే. మన పుణ్యం ఎంత కూడబెట్టినా దేవుడి ముందు నిలబడడానికి సరిపోదు. మన శిక్ష క్రీస్తు తన మీద వేసుకున్నాడు. పశ్చాత్తాపపడి ఆయన్ని నమ్మితే దేవుడు క్షమిస్తాడు. కొనుక్కునేది కాదు, ఊరికే ఇచ్చేదే."

"అందరం అంటే? నేనూనా? నేనేం చేశాన్రా?"

"మొన్న మెత్తబడిపోయిన చేపల్ని గంప అడుగున పెట్టి తాజావని ఒట్టేసి అమ్మలేదూ?"

"ఛీ, అది వ్యాపారం" అని నవ్వింది. వెంటనే నవ్వు మానేసి, "మరి నా గంప అడుగు చేపకీ, అప్పన్న నా మొగుణ్ణి వదిలేసి రావడానికీ కూడా ఒకటే మందా?" అంది.

ఒకటేనని చెప్పాను. దేవుడి దగ్గర చిన్న పాపమూ పెద్ద పాపమూ అని వేరువేరు వాకిళ్లు లేవని చెప్పాను. ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి, బడిలో ఏళ్ల తరబడి చెబుతున్నవే. అక్క ఓపిగ్గా విన్నది. "కులపెద్దలు కూడా ఇంత తేలిగ్గా వదల్లేదురా వాణ్ణి" అంది ఆఖరికి.

ఆ సంగతి నాకు తెలుసు. మా కులంలో ఒకడు తప్పు చేస్తే పెద్దలు కూర్చుని తప్పు వేస్తారు. వాడు ఆ డబ్బు కట్టి కులానికంతా భోజనం పెట్టాలి. నష్టపోయిన ఇంటివాళ్లు ఆ పంక్తిలో మొదటి ముద్ద తింటే తగవు తీరినట్టు, ఇక దాని గురించి ఎవరూ మాట ఎత్తకూడదు. తోటివాణ్ణి వెతకకుండా ఒడ్డుకు వచ్చాడని అప్పన్నకు తప్పు వేశారు. బావ పోయిన నెలకే ఆ భోజనం జరిగింది. అక్క మొదటి ముద్ద తిన్నది. తినకపోతే పెద్దల మాట కాదన్నట్టవుతుందని పక్కన కూర్చున్న ఆడవాళ్లు మోచేత్తో పొడిచారట. "నీకు సమ్మతమేనా అని ఆ రోజు నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మీ ఉపదేశిగారు అడుగుతానన్నాడు. అందుకే వస్తున్నాను" అంది. ఆవిడ ఎందుకు బయల్దేరిందో నాకు అప్పుడు అర్థమైంది. క్షమించడానికో, అడ్డుపడడానికో కాదు. అడిగించుకోవడానికి.

ఆ రాత్రికి మార్టేరు లాకుల దగ్గర పడవ ఆగింది. అక్కడ పూటకూళ్లమ్మ ఇంట్లో రెండణాలకు అన్నం, పప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు పెడతారు, అరుగు మీద పడుకోనిస్తారు. దోమల సంగతి నేను చెప్పను, మీరే చూస్తారు. పొద్దున్నే పడవ దగ్గరికి వస్తే రేవు మెట్ల మీద ఒక మనిషి మా కోసం నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, భుజాలు కుంగాయి. ఎవరో పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది గాని అక్కకు పట్టలేదు. అప్పన్న. ఆదివారానికి అందాలంటే ఈ పడవకే వస్తామని లెక్కగట్టి, మమ్మల్ని తీసుకురమ్మని ఉపదేశిగారు పంపారట.

"బాగున్నారా మేష్టారూ" అని నన్ను పలకరించాడు. అక్క వైపు తిరిగి, "వదినా" అన్నాడు.  మా మూట అందుకుని పడవలో పెట్టాడు. అక్క ఎక్కేటప్పుడు పడవ ఊగకుండా నడుంలోతు నీళ్లలో దిగి పట్టుకున్నాడు. మాఘం చలిలో తడిగుడ్డతో వణుకుతూ ఒక మూల కూర్చున్నాడు. చాలాసేపటికి అక్క తన దుప్పటి తీసి అతని వైపు విసిరింది. ఇచ్చింది అనడానికి లేదు, విసిరింది.

ఇంకాస్త ముందుకు పోయాక ఎదురుగా వచ్చిన ధాన్యం పడవ తాడూ మా తాడూ చిక్కుపడ్డాయి. రెండు పడవలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అడ్డం తిరిగాయి, ఆడవాళ్లు కేకలు పెట్టారు. మా సరంగు కత్తి తీసి అప్పన్న చేతిలో పెట్టి, "ఏంటి చూస్తావు, కొయ్యవయ్యా" అని అరిచాడు. అప్పన్న ఆ కత్తిని పడవ అడుగున పడేశాడు. వంగి, బిగిసిపోయిన ముడిని చేతివేళ్లతో విప్పడం మొదలుపెట్టాడు. రెండు పడవలవాళ్లూ నానా మాటలూ అన్నారు. పట్టించుకోలేదు. గోళ్లు చీలి రక్తం వచ్చినా ముడి విడిపోయేదాకా వదల్లేదు. తాడు నష్టం కాకుండా కాపాడాడు కదా అని సరంగు తరువాత మెత్తబడ్డాడు. అక్క కూడా అలాగే అనుకుంది. తన పాత చీర అంచు చింపి అతని వేళ్లకు కట్టింది. "పేదవాడి తాడు అనుకున్నావు గావును" అంది. అప్పన్న తలవంచుకుని ఏదో అనబోయాడు. అప్పుడు నేను, ఈ మధ్య కాలువల్లో పడవలు మరీ ఎక్కువైపోయాయని మొదలుపెట్టి చాలా దూరం మాట్లాడాను. నాకు ఆ జబ్బు ఉంది, నిశ్శబ్దంగా ఉంటే ఊరుకోలేను.

పాలకొల్లులో జనమంతా దిగిపోయారు, పడవ దాదాపు ఖాళీ అయింది. అక్కడ అప్పన్న రేవులోకి దిగి బొమ్మిడాయిలు కొనుక్కొచ్చాడు. సరంగు పొయ్యి మీద అక్క పులుసు పెట్టింది. ఉడుకుతున్నంతసేపూ వాళ్లిద్దరూ పొయ్యికి చెరోవైపు కూర్చున్నారు. మా బావకు చింతపండు ఎక్కువ కావాలని అప్పన్న జ్ఞాపకం చేశాడు. ఎక్కువ కాదు, ముంచి పొయ్యాలని అక్క అంది. ఇద్దరూ నవ్వారు. బావ పోయాక ఆయన గురించి మాట్లాడుతూ అక్క నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. అన్నం కలిపి అప్పన్నకు ముద్ద చేతిలో పెట్టింది. "తిను. పోయినవాడు ఎలాగూ రాడు. తాడు తెగితే నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది. అప్పన్న ఆ ముద్దను చాలాసేపు చేతిలో పట్టుకుని తిన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. పొగ అనుకున్నాను నేను. ఆ మధ్యాహ్నం నా ఆనందానికి అంతు లేదు. దేవుడు నా కళ్లముందే పని చేస్తున్నాడని, రేపటి పని ఇవాళే అయిపోయిందని మురిసిపోయాను.

సాయంత్రం నరసాపురం చేరాం. ఉపదేశిగారింట్లో బస. వసారాలో ఆడపిల్లలు కూర్చుని సూదులతో తెల్లని లేసు అల్లుతున్నారు. పొద్దుపోయేదాకా వచ్చేపోయే జనం, పాటలు, ప్రార్థనలు. అప్పన్న గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి, లోపల మందిని చూసి వెళ్లిపోయాడని తరువాత తెలిసింది.

ఆదివారం పొద్దున్న వశిష్ఠ గోదావరి గట్టున సంఘమంతా చేరింది. సంఘం కానివాళ్లు అంతకు రెట్టింపు చేరారు, చూడటానికి. అప్పన్న తెల్లని పంచె కట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. ఉపదేశిగారు అతని పక్కన ఉన్నారు. నీ పాపం చెప్పుకో నాయనా అన్నారు. ఉపదేశిగారికి కూడా తెలిసింది కులపెద్దలు వేసిన తప్పు సంగతే, అంతకు మించి లేదు.

"తాడు తెగలేదండి" అన్నాడు అప్పన్న. "నేనే కోశాను. సూరన్న పడవ తిరగబడింది. వల బరువుకి నా పడవ కూడా ఒరిగిపోతోంది. సూరన్న తాడు పట్టుకునే ఉన్నాడు. 'లాగరా అప్పన్నా, లాగరా' అని అరుస్తున్నాడు. నేను కత్తి తీశానండి. పెద్దల ముందు అబద్ధం చెప్పాను. తప్పు కట్టాను, భోజనం పెట్టాను. అయినా ఆ అరుపు పోలేదండి. దేవుడి దగ్గర మొత్తం చెప్పుకున్నాను. ఆయన క్షమించాడని నమ్ముతున్నాను."

 నిన్న పడవలో కత్తి ఎందుకు పట్టుకోలేకపోయాడో నాకు అప్పుడు తెలిసింది. అక్క నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ గొంతు మామూలుగానే వచ్చింది.

"పట్టుకునే ఉన్నాడా?"

"ఉన్నాడు వదినా."

"నువ్వు కొయ్యడం చూశాడా?"

"చూశాడు."

అక్క మెల్లగా మెట్లు దిగి నీళ్ల అంచు దాకా వెళ్లింది. "నిన్న పొద్దుటినించి సాయంత్రం దాకా నా ఎదురుగా కూర్చున్నావు కదరా. నా దుప్పటి కప్పుకున్నావు. నా చేతి ముద్ద తిన్నావు. తాడు తెగితే నువ్వేం చేస్తావని నేనంటే విని ఊరుకున్నావు. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలనే మార్టేరు వచ్చాను వదినా. నోరు రాలేదు. దేవుడికి చెప్పడం తేలికైంది. నీకు చెప్పడమే..."

"ఆయనకి తెలియనిదేముంది? తెలియనిది నాకు" అంది అక్క.

పాపం ఉపదేశిగారు మంచివారు. ఆయన ముఖం పాలిపోయింది. అయినా పద్ధతి ప్రకారం అడగక తప్పలేదు. "అమ్మా, ఈ మనిషి మీద నీకు అభ్యంతరం ఉందా?" అని చాలా మెల్లగా అడిగారు. ఆ ప్రశ్న కోసమే ఆవిడ అంత దూరం వచ్చింది. అది వచ్చిన వేళ చూడండి. ఊరూ వాడా అంతా ఆవిడ నోటి వంక చూస్తున్నారు. కులపంక్తిలో మోచేతులు పొడిచాయి, ఇక్కడ చూపులు పొడుస్తున్నాయి. నిలబడి ఏడవడానికి కూడా చోటు లేదు.

"లేదండి. దిగనివ్వండి" అంది.

అప్పన్న మాత్రం వెనక్కి గట్టు వైపు నడిచాడు. "నువ్వు క్షమించానంటే గాని నేను దిగను వదినా" అన్నాడు. దేవుడి కృప మనుషుల సమ్మతి కోసం ఆగదని, నమ్మకమే చాలని ఉపదేశిగారు నచ్చజెప్పారు. అప్పన్న వినిపించుకోలేదు, చేతులు జోడించి ఆవిడ ముందు నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది అక్కకు కోపం. "ఆ బరువు కూడా నా నెత్తిన పెడతావా? నేను క్షమిస్తే నీకు మోక్షం, లేకపోతే లేదు, ఆ పాపం నాది, అంతేనా? నాకొద్దు. నమ్మితే చాలని మా తమ్ముడు చెప్పాడు. నమ్మావుగా? పో, దిగు. నా సంగతి నేను చూసుకుంటాను" అంది. మెట్లెక్కి వచ్చి జనానికి వీపు పెట్టి, లంగరు వేసిన పడవల వైపు తిరిగి కూర్చుంది. అప్పన్న ఏడుస్తూ నీళ్లలోకి వెళ్లాడు. మునిగి లేచాడు. సంఘం పాట ఎత్తుకుంది. 

సోమవారం తిరుగు పడవ ఎక్కాం. అప్పన్న రేవులో దూరంగా నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు, అక్క చూడలేదు. పడవ సాగాక ఆవిడకు ఏదైనా చెబుదామని నేను నా జవాబులన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ పనికొచ్చేలా లేదు. పాలకొల్లు కనిపిస్తుండగా ఆవిడే అంది: "ఇక్కడే, పులుసు పొయ్యి దగ్గరే చెప్పుంటే వాణ్ణి కొట్టేదాన్నిరా. గరిటె పెట్టి కొట్టేదాన్ని. నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని. నరసాపురం వచ్చేసరికి నేనే వాడికి మంచినీళ్లు ఇచ్చేదాన్నేమో. ఇప్పుడు ఆ నీళ్లు ఇవ్వడం చేతకావడంలేదు."  ఈసారి మాత్రం నోరు మూసుకుని కూర్చున్నాను, ఆవిడ రేవు వచ్చేదాకా ఏడ్చింది.

అప్పన్నను దేవుడు క్షమించాడని నేను నమ్ముతున్నాను, అందులో నాకు అనుమానం లేదు. తప్పు డబ్బులు కట్టి, కులానికి భోజనం పెట్టి పోగొట్టుకోలేకపోయిన భారాన్ని అతను క్రీస్తు దగ్గర దింపుకున్నాడు. నమ్మకం చాలని ఇప్పుడు కూడా బడిలో చెబుతాను. కాని దేవుడి క్షమాపణ ఉచితంగా దొరికింది కదా అని మనిషి దగ్గరికి ఆలస్యంగా వెళ్లకూడదని కూడా అదే నోటితో చెప్పాలని నాకు ఆ ప్రయాణానికి ముందు తెలియదు. ఆ శనివారం ఆవిడ మనసు తలుపు తీసుకుని కూర్చుంది, నా కళ్లతో చూశాను. ఒక్క మాట దూరంలో ఉన్నది అందకుండా పోయింది. అక్క బజారుకు వెళుతోంది, చేపలు అమ్ముతోంది, బాగానే ఉంది. ఎవరైనా నరసాపురం వెళ్లివచ్చారటగా అంటే మాత్రం గంపలో చేపలు సర్దుకుంటుంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పాలకొల్లులో పడవ ఖాళీ అవుతుంది, అక్కడి నుంచి నరసాపురం దాకా మీరూ, మీతో వచ్చినవాళ్లూ తప్ప ఎవరూ ఉండరు. తోటి మనిషితో చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే ఆ దారిలోనే చెప్పెయ్యండి. నరసాపురం రేవులో దిగాక జనం ఎక్కువ.